“ఇబ్బందేం లేదు కదండీ?”

‘తొలి విడత’ నవల: పదకొండో భాగం

పోయిన వారం మనం మినోరిని గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఒక చేతిలో మిఠాయి పెట్టె, రెండో చేతిలో అప్పుడే విప్పిన బూట్లు. పాపం, వారమంతా అలాగే నిలబడి ఉంది. ముందు ఆమెను లోపలికి తీసుకెళ్దాం.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క మాట. కురాషిగె మినోరి హిరోషిమాలో సెతోనో అనే మందుల టోకు కంపెనీ హెడ్డాఫీసులో పనిచేస్తుంది. ఆస్పత్రులూ, మందుల షాపులూ ఫోన్లో చెప్పే ఆర్డర్లను బ్రాంచీల వాళ్లు ‘సుబామె’ అనే ప్రోగ్రాంలో ఎక్కిస్తారు. ప్రతి బల్ల మీదా ఉండే ఆ సుబామెకి కొత్త వెర్షన్ ఎప్పుడు ఇవ్వాలి, ఏ బ్రాంచికి ముందు ఇవ్వాలి, ఎన్నాళ్లు చూసి మిగతావాళ్లకి ఇవ్వాలి, తేడా వస్తే ఎలా వెనక్కి తీసుకోవాలి అన్నది మినోరి పని. మూడేళ్లుగా ఆమె పంపిన ఏ అప్‌గ్రేడూ, ఏ ప్యాచూ తలనొప్పి తేలేదు. కంపెనీలో ఆమె పేరు చెబితే చాలు, అందరూ మెచ్చుకోలుగా తల ఊపుతారు.

ఎప్పట్లాగే ఆరో వెర్షన్‌ని కూడా ముందు హమాదా బ్రాంచికి ఇచ్చింది. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు, చిన్న బ్రాంచి, మంచి మనుషులు. నెల రోజులు వాడి, ఇబ్బందేం లేదన్నారు. సోమవారం నుంచి మిగతా బ్రాంచీలన్నిటికీ వెళ్తుంది. థాంక్స్ చెప్పి వద్దామని శుక్రవారం బయల్దేరింది. మధ్యాహ్నం బస్సుకి వస్తానని చెప్పి, ఉత్సాహం పట్టలేక పొద్దున బస్సే ఎక్కేసింది. వచ్చి తలుపు తీస్తే, కొత్త కంప్యూటర్లన్నీ ఆరో వెర్షన్ తెరుచుకుని ఖాళీ కుర్చీలను చూస్తున్నాయి. మనుషులేమో మూలనున్న పాత కంప్యూటర్ చుట్టూ మూగి ఉన్నారు. ఆమెను చూసి తమావె అనే పెద్దావిడ గబుక్కున ఆ పాతదాని మీద పూల గుడ్డ కప్పేసింది. మనం ఆగింది అక్కడే.

గుడ్డ కప్పితే కంప్యూటర్ దాగుతుందా చెప్పండి! లోపల దాని ఫ్యాన్ గురకపెడుతూనే ఉంది.

“అదేంటండీ?” అంది మినోరి.

బ్రాంచి మేనేజర్ ఇవాతాని ముందుకొచ్చాడు. యాభై దాటిన మనిషి; అందరూ ఇవాతాని సాన్ అంటారు, అంటే ఇవాతాని గారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. నుదుటి మీద చెమట తుడుచుకుని ఒకసారి వంగి నమస్కరించాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

“అబ్బే, ఏం లేదండీ. పాత మిషను. పారేద్దామని మూల పెట్టాం. మీరు మధ్యాహ్నం బస్సుకి కదా వస్తానన్నారు?” అన్నాడు, తప్పంతా బస్సుదే అయినట్టు.

“పారేసే మిషన్‌కి కరెంటు ఎందుకండీ?”

మినోరి మిఠాయి పెట్టె పక్కన పెట్టి, గదిలోకి నడిచి గుడ్డ తీసింది. కింద ఐదో వెర్షన్ సుబామె. ఎవరిదో మందుల షాపు ఆర్డర్ సగం ఎక్కించి ఉంది. నెల కిందట ఈ బ్రాంచి మిషన్లన్నిటి నుంచీ ఐదో వెర్షన్‌ని తీసేయించింది తనే. హిరోషిమాలో కూర్చుని, ఒక్కొక్కటీ పోతుంటే చూసి సంతోషించింది కూడా. ఈ ఒక్క మిషన్ మాత్రం పాతబడింది, పారేస్తున్నాం అని వీళ్లు చెబితే నమ్మి వదిలేసింది.

“దీన్ని హెడ్డాఫీసు లైనుకి కలపలేదు కదూ?” అంది నెమ్మదిగా.

“లేదమ్మా,” అంది తమావె. “కలిపితే మీకు కనబడిపోదూ!”

హమయోషి తమావె ఆ ఆఫీసులో అందరికంటే పాత మనిషి. ఫోన్ ఎత్తితే అవతల ఏ షాపువాళ్లో గొంతు వినే చెప్పేస్తుంది. పొద్దునంతా నవ్వుతూ వాళ్ల పిల్లల సంగతీ మనవల సంగతీ అడుగుతూ ఆర్డర్లు రాసుకుంటుంది. ఇప్పుడు మాత్రం తల ఎత్తడం లేదు. యూనిఫాం కోటు అంచు వేళ్లతో నలుపుతోంది.

“మరి ఆరో వెర్షన్‌లో రోజూ ఆర్డర్లు పడుతూనే ఉన్నాయే! నేను అక్కడ్నుంచి చూస్తూనే ఉన్నాను.”

“సాయంత్రం మళ్లీ కొడతాం కదండీ. పగలంతా దీంట్లో ఎక్కించి, చీటీలు అచ్చేసుకుని, సరుకు పంపించేస్తాం. చీకటి పడేలోపు అవే మళ్లీ కొత్తదాంట్లో ఎక్కిస్తాం. ఒకరు చదువుతారు, ఒకరు కొడతారు, ఇంకొకరు పక్కన నిలబడి చూస్తారు. తప్పు పోకూడదని.”

“రోజూనా?”

“రోజూ. మొన్న ఇవాతాని సాన్ అయితే నిద్రపోతూ ఫోన్ నంబరు ఎక్కించేశారు, డబ్బాల లెక్క ఎక్కించమంటే. ఒక్క షాపుకే కొండంత దగ్గు మందు వెళ్లినట్టు మీ లెక్కల్లో పడేది!”

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు. మినోరికి నవ్వు రాలేదు. నెల రోజులుగా ప్రతి సాయంత్రం తన తెర మీద హమాదా ఆర్డర్లు వరసగా పడుతుంటే, అబ్బ ఎంత చక్కగా అలవాటు పడ్డారో అని మురిసిపోయింది. పగలు పడాల్సినవి సాయంత్రమే ఎందుకు పడుతున్నాయని ఒక్క రోజైనా అనుకోలేదా? అనుకుంది. ఒక రోజు అనుకుంది. అనుకుని, చిన్న బ్రాంచి కదా, సాయంత్రం తీరిగ్గా ఎక్కిస్తున్నారేమోలే అని తనకు తనే సమాధానం చెప్పుకుని తెర మార్చేసింది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

“అసలు దీంతో కష్టమేంటో చూపించండి,” అంది కొత్త మిషన్ ముందు కూర్చుంటూ.

తమావె పక్కన కుర్చీ అంచున కూర్చుంది. “ఇన్సులిన్ ఆర్డర్ ఒకటి ఎక్కించండి. ఏ షాపైనా ఫర్లేదు, తర్వాత రద్దు చేద్దాం. మంచు గుర్తు పెట్టారా?”

మంచు గుర్తంటే, ఈ మందు చలిపెట్టెలో పెట్టి పంపాలి అని చెప్పే గుర్తు. చీటీ మీద నీలంగా పడుతుంది. దాన్ని చూసి గోడౌన్‌లో ఉన్నవాళ్లు మందుని నీలం చలిపెట్టెలో సర్దుతారు. లేకపోతే మామూలు పెట్టెలో పోతుంది.

“పెట్టాను.”

“ఇప్పుడు షాపువాళ్లు, అయ్యో రెండు కాదండీ మూడు పంపండి అన్నారనుకోండి. వెనక్కి వెళ్లి లెక్క మార్చండి.”

మినోరి మార్చింది. సరే నొక్కింది. ఆర్డర్ వెళ్లిపోయింది. ఎర్ర అక్షరం లేదు, హెచ్చరిక లేదు, ఏమీ లేదు. పక్కనున్న ప్రింటర్ చీటీని బయటికి తోసింది. తమావె దాన్ని చింపి, రెండు చేతులతో మర్యాదగా మినోరికి అందించింది.

మంచు గుర్తు లేదు.

మళ్లీ చేసింది. మళ్లీ లేదు. లెక్క మార్చకుండా చేస్తే ఉంది. మారిస్తే లేదు. ఆర్డర్ మధ్యలో లెక్క మార్చని షాపు ప్రపంచంలో ఉంటుందా?

“మొదట్లో మేం, ఈ ఎండలకి మిషను వేడెక్కి ఇలా చేస్తోందేమో అనుకున్నాం,” అంది తమావె. “దాని ముందు ఫ్యాన్ పెట్టాం. మా వంతు ఫ్యాన్ కూడా దానికే ఇచ్చి, మేం విసనకర్రలతో విసురుకున్నాం.”

“బయటికి వెళ్లిందా? అలా గుర్తు లేకుండా ఏదైనా వెళ్లిందా?”

తమావె ఇవాతాని వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు. చివరికి తమావే చెప్పింది. “మొదటి వారంలో ఒకటి వెళ్లింది. రేవు పక్క డాక్టరు గారి క్లినిక్కి. బండి తోలే అబ్బాయి పెట్టె దించుతూ, ఇది చల్లగా లేదేంటని తిరిగి పట్టుకొచ్చాడు. పారేసి, వేరేది ఇచ్చి పంపాం. ఎవరికీ ఏం కాలేదమ్మా. ఆ రోజే మూలనున్న ఈ పాతదానికి మళ్లీ కరెంటు పెట్టాం.”

ఎవరికీ ఏం కాలేదు. మినోరి ముందు ఆ మాటనే పట్టుకుంది. తర్వాత కోపం వచ్చింది. సిగ్గు పడాల్సిన మనిషికి ముందు కోపమే వస్తుంది, మనకి తెలియనిదా!

“ఎందుకు చెప్పలేదండీ?” అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఇంత పెద్ద సంగతి! సోమవారం ఇది అందరికీ వెళ్తోంది. హిరోషిమాలో ఎన్ని ఆస్పత్రులున్నాయో తెలుసా మీకు? ముందు మీకు ఇచ్చేది దేనికి? తేడా ఉంటే చెబుతారనే కదా! మరి ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు కదమ్మా,” అంది తమావె.

“అడగలేదా! మూడో రోజున ఫోన్ చేశానా లేదా? ప్రతి వారం చేశానా లేదా? మీతోనే కదా మాట్లాడాను తమావె సాన్!”

“చేశారు. పాపం, ఒక్క వారం కూడా మానలేదు.”

“మరి?”

“ఏమని అడిగారు?”

“ఏమనేంటి? ‘తమావె సాన్, బాగున్నారా? కొత్త సుబామెతో ఇబ్బందేం లేదు కదండీ?’ అని...”

అని ఆగిపోయింది. తన గొంతు తనకే వినబడింది. ఫోన్లో మాట్లాడేటప్పుడు వచ్చే ఆ తీపి గొంతు, చివర్న నవ్వుతూ సాగదీసే ఆ ‘కదండీ’. ఇన్నాళ్లూ అది మర్యాద అనుకుంది.



“అంత ముద్దుగా అడిగితే, ఉందని ఎలా అంటామమ్మా?” తమావె గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే మినోరిని ఎక్కువ బాధపెట్టింది. “లేదనే మాట మీరే నోట్లో పెట్టి ఇస్తారు. మేం మింగాలి, అంతే. వెనకాల మీ ఆఫీసులో అందరూ వింటుంటారు. అక్కడ మీరు నిలబడి ఫోన్ చేస్తుంటే, అవునమ్మా, మీరిచ్చింది పనికిరాదు అని నేనంటే మీ మొహం ఏం కావాలి? ఒకసారి అందామనే అనుకున్నాను. ‘కొంచెం...’ అన్నాను కూడా. మీరు వెంటనే ‘అలవాటు కావాలి కదండీ’ అన్నారు. ఇంక నేనేం అంటాను? అవునండీ అన్నాను.”

ఆ ‘కొంచెం’ మినోరికి బాగా గుర్తుంది. తమావె ఆ మాటను గొంతు తగ్గించి అంది. తర్వాత వచ్చే మాట ఏమిటో వినకూడదని, అది రాకముందే తను తొందరపడి మాట అందించింది. అందించాక, అవునండీ అని తమావె అనగానే, హమ్మయ్య అనుకుంది. ఫోన్ పెట్టేసి వెళ్లి టీ తాగింది.

ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని మినోరి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, తనకు తను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. తొలి విడతకి హమాదానే ఎందుకు? మీటింగుల్లో ఆమె చెప్పే కారణాలు చక్కగా ఉంటాయి. చిన్న బ్రాంచి కాబట్టి ఏదైనా అయినా నష్టం తక్కువ, ఆస్పత్రులూ షాపులూ పల్లె క్లినిక్కులూ అన్ని రకాల ఖాతాలూ ఉన్నాయి, ఏళ్ల తరబడి పనిచేస్తున్న మనుషులున్నారు. అన్నీ నిజాలే. కానీ ఆమె మొదట్లో ఒకాయామా బ్రాంచితో మొదలుపెట్టి చూసింది. వాళ్లు మొదటి గంటలోనే ఫోన్ల మీద ఫోన్లు చేసి, తప్పులన్నీ ఏరి, సెక్షన్ అంతా వినేలా దులిపేశారు. అప్పుడు సెక్షన్ చీఫ్ తొకుహిరో నవ్వుతూ, “ఇలాంటివాళ్లతో కాదు కురాషిగె, గోల చెయ్యని వాళ్లతో మొదలుపెట్టాలి,” అన్నాడు. మినోరి కూడా నవ్వింది. నవ్వి, మర్నాడు హమాదా పేరు రాసింది.

అంటే, తప్పు కనిపెట్టే బ్రాంచిని వదిలేసి, తప్పు కనబడినా నోరెత్తని బ్రాంచిని ఏరుకుంది. మూడేళ్లుగా తన మంచి పేరంతా దీని మీదే నిలబడింది. ఈ గదిలోని మనుషులు రోజూ సాయంత్రం ఒళ్లు హూనం చేసుకుని కట్టబెట్టిన పేరు అది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఎవరి మొహం చూడాలో తెలియక చేతిలోని చీటీ వైపు చూసింది.

“కురాషిగె సాన్,” అన్నాడు ఇవాతాని. కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చున్నాడు. “ఒక్క మాట చెబుతాను, కోప్పడకండి. సోమవారం గడిచిపోనివ్వండి.”

“ఏంటండీ ఆ మాట!”

“పూర్తిగా వినండి. నిరుడు మమ్మల్ని ఇజుమో బ్రాంచిలో కలిపేద్దామని అనుకున్నారు, తెలుసు కదా మీకు. కాగితాల దాకా వచ్చింది. అప్పుడు డైరెక్టర్ గారు ఏమన్నారు? అప్‌గ్రేడ్లు ఇంత సాఫీగా సాగుతున్నాయంటే హమాదా పుణ్యమే, దాన్ని కదపొద్దన్నారు. ఆ ఒక్క మాట మీద బతుకుతున్నాం. ఇప్పుడు మీరు వెళ్లి, హమాదావాళ్లు దొంగ లెక్క చూపించారని చెబితే రేపే తాళం పడుతుంది. తమావె సాన్ ఈ వయసులో ఇజుమో దాకా రోజూ రైల్లో తిరగగలరా?”

“నా పేరెందుకు లాగుతారండీ మధ్యలో,” అంది తమావె.

“నా పేరే లాగుతాను, సరేనా? మా ఆవిడ వాళ్లమ్మను వదిలి రాదు, నేను ఆవిడను వదిలి పోలేను. అయినా మేం ఏమనుకున్నామో చెప్పనా? పెద్ద బ్రాంచీలవాళ్లు మాలా నోరు మూసుకుని కూర్చోరు కదా! సోమవారం మొదటి గంటలోనే గోల చేస్తారు. మీరు వెంటనే ప్యాచ్ పంపించేస్తారు. మా పేరు బయటికి రాదు, మీ పేరు చెడదు. అదీ మేం అనుకున్నది. ఇందులో ఎవరికి నష్టం?”

ఎవరికి నష్టమో ఆయనకీ తెలుసు. తమావె లేచి వెళ్లి బార్లీ టీ తెచ్చి మినోరి ముందు పెట్టింది. “నేనూ అలాగే అనుకున్నానమ్మా,” అంది. “ఆయన ఒక్కరే కాదు. నాకు మీ ముందు నిలబడే మొహం లేదు.”

మినోరి టీ తాగలేదు. తల లోపల ఏదో అప్పుడే చకచకా లెక్కలు వేస్తోంది. ఈ రోజు శుక్రవారం. ప్రోగ్రాం రాసేవాళ్లని సెలవు రోజుల్లో పిలిపించి, ఇది చిన్న దిద్దుబాటే అని చెప్పి, ఆదివారానికల్లా ప్యాచ్ తయారు చేయించి, సోమవారం ఆరో వెర్షన్‌తో కలిపి పంపేస్తే? ఎవరికీ తెలియదు. హమాదా ఉంటుంది. తన పేరూ ఉంటుంది. పెట్టెలన్నీ చల్లగా ఉంటాయి. ఎంత చక్కటి పథకం! గుండె మీద బరువు దిగినట్టు అనిపించింది.

దిగినట్టు అనిపించగానే ఇంకా సిగ్గేసింది. ఇంత తొందరగానా? ఇందాక తల ఎత్తలేకపోయిన మనిషి, నిమిషం తిరక్కుండానే దాచే దారి వెతుక్కుందా? ఈ ప్యాచ్ సంగతి సరే, దీని తర్వాత వచ్చే వెర్షన్ మాటేంటి? మళ్లీ హమాదాకే ఇస్తుంది, మళ్లీ ఫోన్ చేస్తుంది, మళ్లీ వీళ్లు లేదండీ అంటారు.

ఆమె లేచి నిలబడింది. నిలబడి నడుము వంచి, తల దాదాపు మోకాళ్ల దాకా దించి, అలాగే ఉండిపోయింది.

“అయ్యో, అదేంటమ్మా! లేవండి, లేవండి,” అంది తమావె కంగారుగా.

“మీది దొంగ లెక్క కాదు,” అంది మినోరి నేల వైపే చూస్తూ. “నాది దొంగ ప్రశ్న. క్షమించండి అనడానికి కూడా సిగ్గుగా ఉంది. కానీ సోమవారం ఆపాలి. నేను ఆపుతాను. ఇవాతాని సాన్, బ్రాంచి సంగతి నా చేతిలో లేదు. తప్పు ఎవరిదో మాత్రం నేనే చెబుతాను, సగం కాదు, మొత్తం.”

ఇవాతాని కూడా లేచి వంగాడు. ఇద్దరూ ఎదురెదురుగా వంగి నిలబడ్డారు. ఎవరు ముందు లేవాలో తేలడం లేదు. చివరికి తమావె, “ఇంక చాలు లేవండి ఇద్దరూ, ఆర్డర్ల ఫోన్లు మోగుతున్నాయి,” అని కసిరింది.

మినోరి తన సెల్‌ఫోన్ తీసింది. బస్సులో సొరంగాల మధ్య ఎప్పుడో వచ్చిన కాల్స్ తెర మీద వరసగా కనిపించాయి. అన్నీ సెక్షన్ చీఫ్‌వే. చూడనేలేదు. ఆమె సెల్ పక్కన పెట్టి బ్రాంచి ఫోన్ దగ్గరికి వెళ్లి, నంబరు నొక్కి, స్పీకర్ మీట నొక్కింది. ఒంటరిగా మాట్లాడితే ఎక్కడ మాట మారుస్తుందోనని తన మీద తనకే నమ్మకం లేదు. అందరూ వింటుంటే తప్పించుకోలేదు కదా.

“ఓ, కురాషిగె!” తొకుహిరో గొంతు హుషారుగా గదంతా మోగింది. “ఎక్కడున్నావమ్మా, ఎన్నిసార్లు చేశాను! మిఠాయి ఇచ్చావా? చేపలు కొనుక్కున్నావా? మా ఇంటికి ఎండు చేప ఒక కట్ట మర్చిపోకు.”

“సార్, సోమవారం అప్‌గ్రేడ్ ఆపాలి.”

“ఏం ఆపాలి?”

“ఆరో వెర్షన్ సార్. దీంట్లో తప్పుంది. పెద్ద తప్పు. సోమవారం పంపకూడదు.”

అటువైపు చిన్న నవ్వు. “సోమవారం దాకా ఎక్కడుంది? సిటీ బ్రాంచీలకి పొద్దున్నే పంపేశాం. అదే చెబుదామని నీకు చేస్తుంటే నువ్వు ఎత్తలేదు. ఒక్కసారే అందరికీ పంపితే లైన్లు ఇరుకైపోతాయని నెట్‌వర్క్ వాళ్లు మొత్తుకున్నారు. అందుకని పెద్దవాటిని ముందు కానిచ్చేశాం.”

“ఎవరు ఒప్పుకున్నారు సార్?”

“డైరెక్టర్ గారే. హమాదాలో నెల రోజులు వాడి చిన్న తేడా కూడా లేదన్నారంటే ఇంకా భయమెందుకు అన్నారు. కురాషిగె చూసిందిగా, కళ్లు మూసుకుని పంపండి అన్నారు. నీ పేరు మీదే వెళ్లిందమ్మా, సంతోషించు.”

తమావె కళ్లు మూసుకుంది. ఇవాతాని కుర్చీలో కూలబడ్డాడు.

“సార్, వినండి. లెక్క మారిస్తే మంచు గుర్తు పోతోంది. చీటీ మీద రావడం లేదు. ఇన్సులిన్ మామూలు పెట్టెల్లో వెళ్లిపోతుంది. ఈ ఎండలో, బళ్లలో...”

“ఛ, అలా అయితే ఈపాటికి గోల గోల అయిపోయేది. ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నేనే స్వయంగా కూర్చుని అన్ని బ్రాంచీలకీ ఫోన్ చేశాను. అందరూ బాగానే ఉందన్నారు.”

“ఏమని అడిగారు సార్?”

“ఏమనేంటి?” అన్నాడు తొకుహిరో. “నువ్వు అడుగుతావే, అలాగే. నాకు నీ అంత తీయగా రాదులే గానీ, ‘ఇబ్బందేం లేదు కదండీ?’ అన్నాను.”

ఎవరూ మినోరి వైపు చూడలేదు. చూడకూడదని అందరూ ఒకేసారి అనుకున్నట్టు, ఒకరు పెన్ను వైపు, ఒకరు కిటికీ వైపు చూశారు. ఆ చూడకపోవడం చెంప మీద కొట్టినా బాగుండును అనిపించేలా ఉంది.

“సార్, వెనక్కి తిప్పండి. ఇప్పుడే. నేనిచ్చిన అప్‌గ్రేడ్ పథకం చివరి పేజీలో ఉంది, ఐదో వెర్షన్‌కి ఎలా వెళ్లాలో.”

ఈసారి తొకుహిరో నవ్వలేదు. కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. “కురాషిగె... ఇది ఎప్పుడైనా చేసి చూశావా?”

మూడేళ్లలో ఒక్కసారీ వెనక్కి తిప్పాల్సిన అవసరం రాలేదు. రాలేదు కాబట్టి చేసి చూడనూ లేదు. ప్రతి పథకంలోనూ అదే పేజీని తారీఖు మార్చి అతికించేది. “లేదు సార్,” అంది, అందరూ వింటుండగా.

తొకుహిరో ఫోన్ పెట్టెయ్యకుండానే ఎవరినో పేరు పెట్టి అరుస్తూ పరిగెత్తాడు. అటువైపు ఖాళీ గది చప్పుడు మిగిలింది.

“మధ్యాహ్నం బళ్లు ఇంకా కదిలి ఉండవు,” అంది తమావె. స్పీకర్ ఆపి, ఆ లైను కట్ చేసి, ఫోన్ తీసి మినోరి చేతిలో పెట్టింది. “వాళ్లు తిప్పేదాకా కూర్చుంటే అయ్యే పని కాదు. మీరే చెయ్యండి, ఒక్కో బ్రాంచికీ. బళ్లు ఆపమనండి, పెట్టెలు తెరిచి చూడమనండి. ఈసారి సరిగ్గా అడగండమ్మా.”

మినోరి తల ఊపింది. హిరోషిమాలో అన్నిటికంటే పెద్దది పడమటి బ్రాంచి. పెద్దాస్పత్రులన్నిటికీ మందులు వెళ్లేది అక్కడ్నుంచే. నంబరు నొక్కింది. ఏమని అడగాలో నోట్లోనే ఒకసారి అనుకుంది. ‘తప్పు ఉంది. అది మీకు ఎక్కడ కనబడింది?’ అంతే. ‘కదండీ’ లేదు, నవ్వు లేదు.

“సెతోనో, పడమటి బ్రాంచి అండీ!” ఎవరో అమ్మాయి గొంతు, చాలా చురుగ్గా.

“హెడ్డాఫీసు నుంచి కురాషిగెని మాట్లాడుతున్నానండీ. సుబామె...”

“ఒక్క క్షణం అండీ,” అంది ఆ అమ్మాయి. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది. అడ్డం పెట్టినా మాటలు వినబడుతూనే ఉన్నాయి. దూరంగా ఎవరో మగమనిషి, “ఈ మంచు గుర్తు ఏమైందే? ఇందాక్కూడా లేదు, ఇప్పుడూ లేదు, ఆర్డర్లు అలాగే ఎక్కించెయ్యమంటావా?” అంటున్నాడు. “ష్‌, నెమ్మదిగా! హెడ్డాఫీసు ఫోను!” అని ఆ అమ్మాయి అతన్ని కసిరింది.

చెయ్యి తీసింది. గొంతులో మళ్లీ నవ్వు తెచ్చుకుంది. మినోరి నోరు తెరవకముందే, చాలా మర్యాదగా, చాలా తీయగా చెప్పేసింది.

“కొత్త సుబామె గురించేనాండీ? ఇబ్బందేం లేదండీ. బళ్లు కూడా ఇప్పుడే బయల్దేరాయి.”